ల్యాప్‌టాప్‌కు పాటనందించే తీగ ఏది?



పోయిన నెల ఒక శనివారం సాయంత్రం స్త్రీల సమాజ కూటము ముగిసే వేళకు మా మల్కాపురం సంఘ యౌవనస్థులు నలుగురు మా దగ్గరకు వచ్చారు. ఇద్దరు షిప్‌యార్డులో కాంట్రాక్టు పని చేసేవారు, ఇద్దరు ఇంకా చదువుకుంటున్నవారు. ఈ ఏడు క్రిస్మస్ పాటలు మనమే రికార్డు చేసుకుందామనీ, పండుగ ఆరాధనలో కీబోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపి వాయిద్దామనీ వారి కోరిక.

“అయ్యగారూ, థండర్‌బోల్ట్ తీగతో పనిచేసే ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొనాలండి. యూఎస్‌బీది పెడితే మన ల్యాప్‌టాప్ తట్టుకోలేదండి. వాయిస్తుంటే చిటపటమంటుందండి. నొక్కిన స్వరం కూడా ఆలస్యంగా వస్తుందండి” అన్నారు.

ధర ఎంత అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. చివరికి ఒక అబ్బాయి చెప్పిన అంకె విని మేము కాసేపు మాట్లాడలేకపోయాము. మా తల్లులు ఏడాది పొడుగునా పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెట్టి, వాటిని అమ్మి కూడబెట్టిన సొమ్ము దాదాపు అంతా దానికే సరిపోతుంది.

చాపలు చుడుతున్న సమాజపు పెద్దమ్మగారు ఒకరు ఆ మాట విన్నారు. “ఇది కూడా ఆ బీరువాలో ఉన్న పెట్టెలాగే అవుతుందా అయ్యగారూ?” అని అడిగారు. ఆమె కోపంగా అడగలేదు. అందుకే ఆ ప్రశ్న మాకు మరీ గుచ్చుకుంది.

బీరువాలో ఉన్న పెట్టె సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇలాగే పాటల కోసం వాడిన ఇంటర్‌ఫేస్ ఒకటి చవకగా దొరుకుతుందంటే సరే అన్నాము. అది ఫైర్‌వైర్ తీగతో పనిచేసే పెట్టె. అప్పటి మా పాత ల్యాప్‌టాప్‌కు ఆ రంధ్రం ఉండేది. ఏడాది తిరగకుండా ఆ ల్యాప్‌టాప్ చెడిపోయింది. కొత్తగా కొన్నదానికి ఆ రంధ్రమే లేదు. పెట్టె బాగానే ఉన్నది, తగిలించడానికి చోటు లేదు. అప్పుడూ అది పిడికెడు బియ్యం సొమ్మే. అమ్మినవారు మోసం చేయలేదు, పిల్లలూ తప్పు చేయలేదు. ఒక్క ప్రశ్నయినా అడగకుండా సరే అన్నది మేమే.

కాబట్టి ఈసారి తెలిసికొన్న తరువాతే సంతకం పెడతామని చెప్పి, రెండు వారాలు సాయంత్రములు ఆ పిల్లలతో కూర్చున్నాము. అనేక సంఘములలో నేడు ఇదే ప్రశ్న వస్తున్నది గనుక తెలిసికొన్నది మీతో పంచుకుంటున్నాము.

ఆ పెట్టె చేసే పని

మైకులోనికి పాడినప్పుడు మన స్వరం కరెంటు అలగా మారుతుంది. ల్యాప్‌టాప్‌కు అలలు తెలియవు, అంకెలు తెలుసు. ఇంటర్‌ఫేస్ అనే పెట్టె ఆ అలను సెకండుకు వేల సార్లు కొలిచి అంకెలుగా వ్రాస్తుంది. సీడీ లెక్కలో సెకండుకు 44,100 సార్లు, వీడియో లెక్కలో 48,000 సార్లు. ల్యాప్‌టాప్ నుండి వచ్చే అంకెలను తిరిగి అలగా మార్చి స్పీకరుకు పంపేదీ అదే.

తీగ పని ఈ అంకెలను మోయడం మాత్రమే. యూఎస్‌బీ మీద వచ్చినా థండర్‌బోల్ట్ మీద వచ్చినా అంకె అంకే. తీగ ఖరీదైనదైతే స్వరం మధురమవుతుందనుకోవడం పొరపాటు. స్వరం బాగుండాలంటే మైకు, దాని శబ్దమును పెంచే భాగము, కొలిచే భాగము, గది, అన్నిటికంటె ముందు పాడే గొంతు బాగుండాలి.

మూడు పేర్లు, ఒక గందరగోళం

యూఎస్‌బీ 1996లో వచ్చింది. 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం సెకండుకు 48 కోట్ల బిట్లు. 2008లో వచ్చిన 3.0 వేగం దానికి పది రెట్లకు మించినది. ఈ రోజు ఏ ల్యాప్‌టాప్‌కైనా యూఎస్‌బీ ఉంటుంది.

ఫైర్‌వైర్ 1995లో ప్రమాణంగా స్థిరపడింది. చాలా ఏళ్లు స్టూడియోలవారు దీనినే కోరుకున్నారు. తరువాత ఒక్కొక్క కంపెనీ ఆ రంధ్రమును తీసివేస్తూ వచ్చింది. దానిని పెంచిన ఆపిల్ కంపెనీయే 2025లో తెచ్చిన మ్యాక్ ఓఎస్ 26లో దానికి చోటు లేకుండా చేసింది. ఇప్పుడు ఎవరైనా చవకగా ఫైర్‌వైర్ పెట్టె ఇస్తామంటే మా బీరువా గుర్తుచేసికొనండి.

థండర్‌బోల్ట్ 2011లో ఆపిల్ ల్యాప్‌టాప్‌లతో బయటికి వచ్చింది. మొదటి వేగమే సెకండుకు 1,000 కోట్ల బిట్లు. 2015లో వచ్చిన మూడవ రకం 4,000 కోట్లు. కంప్యూటరు లోపలి భాగములు తమలో తాము మాట్లాడుకునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిని ఇది బయటి పెట్టె వరకు తెస్తుంది.

గందరగోళం ఇక్కడే. ఆ మూడవ రకం నుండి థండర్‌బోల్ట్ కూడా యూఎస్‌బీ-సీ అనే కోలగా ఉండే చిన్న రంధ్రమునే వాడుతున్నది. ఆకారం ఒకటే అయినా లోపలి సంగతి ఒకటి కాదు. రంధ్రం ప్రక్కన మెరుపు గుర్తు ఉందా అని చూడాలి. గుర్తు కనబడకపోతే ఆ మోడల్ నంబరుతో కంపెనీ వివరములు చదవాలి. అట్లాగే సీ రంధ్రం ఉన్న ఇంటర్‌ఫేస్‌లలో చాలా వాటికి లోపల నడిచేది పాత యూఎస్‌బీ 2.0 వేగమే. అది లోపం కాదు. ఎందుకో చూడండి.

లెక్క వేసి చూద్దాము

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న మాట మనకందరికీ తెలిసినదే. ఒక మైకు శబ్దమును సెకండుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 24 బిట్లలో వ్రాస్తే సెకండుకు సుమారు 11 లక్షల 52 వేల బిట్లు. రెండు మైకులు లోనికి, రెండు స్పీకర్లు బయటికి, మొత్తం నాలుగు దారులు. అంటే సుమారు 46 లక్షలు. యూఎస్‌బీ 2.0 మోయగలిగినది 48 కోట్లు. అందులో ఇది నూటికి ఒక వంతు కూడా కాదు.

పదహారు మైకులు పెట్టినా నూటికి నాలుగు వంతులు దాటదు. కాగితం మీది 48 కోట్లు మొత్తం వాడకానికి దొరకదన్నది నిజమే. అయినా చోటుకు కొదువ లేదు. ఇద్దరు పాడి ఒకరు కీబోర్డు వాయించే సంఘానికి దారి ఇరుకన్న సమస్య రాదు.

మరి పిల్లలు చెప్పిన చిటపట, ఆలస్యం ఎక్కడివి?

ఖనిజపు రైలు, పోర్టులోని గుట్ట

మన ప్రాంతమువారికి ఈ సంగతి పోర్టును చూపి చెబితే తేలికగా అర్థమవుతుంది. బైలదిల్లా గనుల నుండి కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా ఇనుప ఖనిజము విశాఖ పోర్టుకు వస్తుంది. వచ్చిన వ్యాగనును వచ్చినట్టే ఓడలో పోయరు. ముందు గుట్టగా పోస్తారు. ఎందుకు? ఘాట్‌లో ఒక రైలు ఆలస్యమైనా ఓడ ఖాళీగా నిలబడకూడదు గనుక.

ల్యాప్‌టాప్‌లోనూ అలాంటి గుట్ట ఉన్నది. దాని పేరు బఫర్. కొన్ని కొలతలు పోగైన తరువాతే ల్యాప్‌టాప్ వాటిని తీసుకుని పని చేస్తుంది. గుట్ట పెద్దదైతే ల్యాప్‌టాప్‌కు నిదానంగా పని చేసికొనే వ్యవధి దొరుకుతుంది, శబ్దం తెగదు. కాని ఇప్పుడు నొక్కిన స్వరం గుట్ట దాటి బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. గుట్ట చిన్నదైతే స్వరం వెంటనే వస్తుంది. కాని ల్యాప్‌టాప్ ఒక్క క్షణం వేరే పనిలో పడితే గుట్ట ఖాళీ అవుతుంది. అదే ఆ చిటపట.

అంకెలలో చెప్పాలంటే, 44,100 లెక్కలో బఫర్ 128 అయితే ఆలస్యం సెకండులో వెయ్యో వంతులు సుమారు మూడు. 256 అయితే ఆరు, 512 అయితే పన్నెండు, 1,024 అయితే ఇరవై మూడు. లోనికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి ఇది పడుతుంది. పెట్టె స్వంత ఆలస్యం కొంచెం దానికి కలుస్తుంది.

ఇది ఎక్కువా తక్కువా? గాలిలో శబ్దం వెయ్యో వంతు సెకండుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. పది వంతుల ఆలస్యమంటే స్పీకరుకు పదకొండు అడుగుల దూరంలో నిలబడి వాయించినట్టు. చాలామంది కీబోర్డువారు దానికి అలవాటు పడగలరు. ఇరవై ముప్పై దాటితే తాళం తప్పుతుంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తాను వింటూ పాడేవారికి ఇంకా ముందే తెలిసిపోతుంది.

ఇక్కడ పట్టాలు తీగ అయితే, రైళ్లను నడిపే స్టేషను మాస్టరు డ్రైవరు అనే ప్రోగ్రాము. నాలుగు పట్టాలు వేసినా స్టేషను మాస్టరు నిద్రపోతే రైలు కదలదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఏసియో అనే రకం డ్రైవరు కావాలి. అది పెట్టెను తయారుచేసిన కంపెనీ ఇచ్చినదైతే మేలు. మంచి డ్రైవరున్న యూఎస్‌బీ పెట్టె, డ్రైవరు సరిగా లేని ఖరీదైన పెట్టెకంటె ముందు నడుస్తుంది.

థండర్‌బోల్ట్ వ్యర్థమని మేము చెప్పడం లేదు. డజన్ల కొద్దీ మైకులు ఒకేసారి పట్టే స్టూడియోలకు, బాగా చిన్న బఫర్‌తో పని చేయవలసినవారికి అది నిజముగా ఉపయోగము. కాని తీగ మారినంత మాత్రాన ల్యాప్‌టాప్ బుర్ర పెరగదు. పియానో శబ్దములను తయారుచేసే శ్రమ ప్రాసెసరుది, మెమరీది.

మా ల్యాప్‌టాప్‌లో బయటపడినవి

మొదటి సాయంత్రమే ల్యాప్‌టాప్‌ను తిప్పి రంధ్రములు చూశాము. కోలగా ఉన్న సీ రంధ్రం ఒకటి ఉన్నది. పిల్లలు దానినే థండర్‌బోల్ట్ అనుకున్నారు. మెరుపు గుర్తు లేదు. మోడల్ నంబరు పెట్టి వెతికితే అది ఒట్టి యూఎస్‌బీ అని తేలింది. అంటే అడిగిన సొమ్మంతా పోసి ఆ పెట్టె కొని ఉంటే అది మా ల్యాప్‌టాప్‌తో అసలు పలికేదే కాదు. బీరువాలో పాత పెట్టెకు తోడు చేరేది. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. “బుక్ చేసేద్దామనుకున్నామండి అయ్యగారూ” అని ఒక తమ్ముడు మెల్లగా అన్నాడు. మేము అతనిని ఏమీ అనలేదు. అనే అర్హత మాకు లేదు.

తరువాత పొరుగు సంఘమువారి దగ్గర ఒక చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ అరువు తెచ్చి పరీక్షించాము. పిల్లలు చెప్పినట్టే చిటపట వచ్చింది. అప్పుడు ఒక్కొక్కటే మార్చి చూశాము. వైఫై ఆపగానే సగానికి పైగా పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పొదుపు పద్ధతిలో ఉన్నది. దానిని పూర్తి శక్తి పద్ధతికి మార్చి చార్జరు పెట్టాము. మౌసు, పెన్‌డ్రైవు, ఇంటర్‌ఫేస్ మూడూ ఒకే హబ్‌కు తగిలించి ఉన్నాయి. ఇంటర్‌ఫేస్‌ను తీసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టాము. బఫర్ 128లో పెద్ద పియానో శబ్దం ఇంకా కొంచెం తెగింది. 256లో శుభ్రంగా పలికింది. కీబోర్డు అబ్బాయి అరగంట వాయించి, “ఇది చాలండి” అన్నాడు.

ఏ ప్రోగ్రాము అడ్డుపడుతున్నదో చూపే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం విండోస్‌కు ఉన్నది. ఏదైనా కొనకముందు దానిని ఒకసారి నడిపి చూడండి. రోగమేదో తెలియక మందు కొనడం ఎందుకు?

పనిని బట్టి బఫర్

పాట రికార్డు చేసేటప్పుడు గాయకుని స్వరమును ల్యాప్‌టాప్ గుండా తిప్పి వినిపించనక్కరలేదు. చాలా ఇంటర్‌ఫేస్‌లకు నేరుగా వినే మీట ఉంటుంది. అది త్రిప్పితే మైకు స్వరం పెట్టె నుండే చెవికి ఆలస్యం లేకుండా వస్తుంది. అప్పుడు బఫర్ పెద్దగా పెట్టుకోవచ్చు.

ఆరాధనలో ల్యాప్‌టాప్ శబ్దములతో కీబోర్డు వాయించేటప్పుడు 128 గాని 256 గాని చూడండి. ముందే తయారుచేసిన వాద్య సంగీతము వేసి దానితో పాడేటట్లయితే 1,024 పెట్టినా నష్టం లేదు. ఆలస్యం కంటె మధ్యలో తెగకపోవడం ముఖ్యము. బ్లూటూత్ స్పీకరు, హెడ్‌ఫోన్ మాత్రం వాయించేటప్పుడు వద్దు. వాటి ఆలస్యం సెకండులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది.

కరెంటు, ఉప్పుగాలి

ల్యాప్‌టాప్ చార్జరు పెట్టగానే స్పీకరులో బుర్రుమనే శబ్దం వస్తే అది ఎక్కువగా ఎర్తు తేడా వలన వచ్చేది. కొందరు ప్లగ్గుకున్న మూడవ పిన్ను తీసివేస్తారు. ఎంతమాత్రం అలా చేయకండి. అది ప్రాణము కాపాడే పిన్ను. ల్యాప్‌టాప్, మిక్సరు రెండూ ఒకే బోర్డు నుండి తీసుకోండి. బ్యాలెన్స్‌డ్ తీగలు వాడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గల పెట్టె పెట్టండి.

యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లకు మించకూడదు. వేదిక నుండి దూరం ఉంటే పొడవైన మైకు తీగ వేయండి, యూఎస్‌బీ తీగను సాగదీయకండి. మనవంటి సముద్రతీరములో ఉప్పుగాలికి జాకులు త్వరగా మకిలి పడతాయి. పని అయిన తరువాత తుడిచి, తేమ పీల్చే పొట్లం వేసి మూత పెట్టండి.

పల్లె సంఘములకు

మాకు ల్యాప్‌టాప్ లేదు అనే పల్లె సంఘములకు ఒక మాట. వేరే డ్రైవరు అడగని ‘క్లాస్ కంప్లయంట్’ యూఎస్‌బీ పెట్టెలు అనేక ఫోన్లతో కూడా పనిచేస్తాయి. ఫోను ఇచ్చే కరెంటు కొన్నిసార్లు చాలదు గనుక విడిగా కరెంటు అందుకునే వీలున్న పెట్టె చూడండి. రెండు మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ పది, పదిహేను వేల రూపాయల ప్రాంతములో దొరుకుతున్నది. అదీ భారమైతే ఫోనుతోనే నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేయండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

కొనేముందు అడగవలసినవి

1. మన ల్యాప్‌టాప్‌కు ఉన్న రంధ్రములేవి? కంటితో చూశామా, మోడల్ నంబరుతో సరిచూశామా?

2. ఒకేసారి ఎన్ని మైకులు, వాద్యములు కావాలి? ఎనిమిది లోపు అయితే యూఎస్‌బీ 2.0 ధారాళంగా చాలును.

3. మన విండోస్‌కు గాని మ్యాక్‌కు గాని కంపెనీ నేటికీ డ్రైవరు ఇస్తున్నదా? కొన్ని థండర్‌బోల్ట్ పెట్టెలు మ్యాక్‌కు మాత్రమే పనిచేస్తాయి.

4. కండెన్సరు మైకు అయితే 48 వోల్టుల సరఫరా ఉన్నదా?

5. ల్యాప్‌టాప్ మారితే ఈ పెట్టె పనికివస్తుందా?

6. అరువు తెచ్చి మన ల్యాప్‌టాప్ మీదనే పరీక్షించామా?

అయిదవ ప్రశ్న ఆ పెద్దమ్మగారు అడిగినదే. ల్యాప్‌టాప్‌కు నాలుగైదేళ్ల ఆయుష్షు, మంచి పెట్టెకు అంతకు రెట్టింపు. కాబట్టి అన్నిటికీ తగిలే తీగనే కోరుకోవాలి.

మా సంఘములో ఏమి జరిగిందంటారా? యౌవనస్థులే స్త్రీల సమాజములో నిలబడి ఈ లెక్కలన్నీ తల్లులకు వివరించారు. రెండు మైకుల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒకటి, ఒక మంచి మైకు, రెండు తీగలు కొనడానికి సమాజము ఒప్పుకున్నది. మొదట అడిగిన సొమ్ములో పెద్ద భాగము డబ్బాలోనే మిగిలింది. మేము కూడా అక్కడే లేచి పాత పెట్టె విషయములో మా అజాగ్రత్తను ఒప్పుకున్నాము. ఆ పని అప్పుడే చేయవలసింది.

ఆ పెద్దమ్మగారు కొత్త పెట్టెను చేతిలోనికి తీసుకుని, తీగను ఇటూ అటూ తిప్పి చూచి, “ఈ మూతి మా మనవడి కంప్యూటరుకు కూడా పడుతుందండి, నేను చూశాను” అన్నారు. సరిగ్గా అదే కావలసినది.

మీ సంఘములో ఇటువంటి కొనుగోలు ఏదైనా ఉంటే పిల్లలను వద్దు అని పంపివేయకండి, సరే అని ఊరికే సంతకమూ పెట్టకండి. వారి ప్రక్కన ఒక సాయంత్రం కూర్చోండి. వచ్చే నెల మరియొక సంగతితో కలుసుకుందాము. అంతవరకు ప్రభువు మీ ఇండ్లను కాచును గాక.